డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు

"ఏరా, నా డబ్బులు ఇప్పుడు ఎక్కడున్నాయిరా?"

మొన్న సంక్రాంతికి ముందు ఒక రాత్రి తొమ్మిదిన్నరకి మా మేనత్త ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. కూకట్‌పల్లి నుంచి రావులపాలెం బస్సుకి ఆన్‌లైన్‌లో సీటు బుక్ చేసింది. ఖాతాలోంచి 1,850 రూపాయలు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది. టికెట్ రాలేదు. తెర మీద గుండ్రటి చక్రం తిరిగి తిరిగి, చివరికి "ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి" అని రాసి ఊరుకుంది.

"నువ్వు చేసే ఉద్యోగం ఇదేగా, చెప్పు."

ఇదే. పద్నాలుగేళ్లుగా సర్వర్ల వెనకే బతుకు. అందులో ఐదేళ్లు బస్సు టికెట్లు అమ్మే ఒక కంపెనీలో. (అత్త వాడింది ఆ కంపెనీ యాప్ కాదు. అంతవరకు దేవుడు దయతలిచాడు.) "అత్తా, నువ్వు మళ్లీ నొక్కకు. ఓ అరగంట ఆగు" అన్నాను. "ఎక్కడున్నాయిరా అంటే ఆగమంటావేంటి" అని విసుక్కుంది.

ఆవిడ విసుగులో న్యాయం ఉంది. కానీ ఆ నిమిషంలో ఆ ప్రశ్నకి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదు. తన ఖాతాలోంచి డబ్బు వెళ్లిందని బ్యాంకుకి తెలుసు, అది ఎవరికి చేరిందో తెలియదు. టికెట్ కంపెనీకి అత్త సీటు అడిగిందని తెలుసు, డబ్బు వచ్చిందో లేదో తెలియదు. బస్సు యజమాని కంప్యూటర్‌కి అసలు అత్తే తెలియదు, 17వ సీటు తెలుసు. వీళ్లందరినీ ఒకేసారి చూడగలిగే కుర్చీ ఎక్కడా వేసి లేదు.

పే బటన్ నొక్కితే ఏమవుతుందో మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి బోర్డు మీద గీసి చూపించేవాణ్ని. ముందు ఫోను ఆ సైటు పేరుకి నంబరు, అంటే నెట్‌లో దాని చిరునామా, వెతుక్కోవాలి. అది డీఎన్ఎస్ పని. 1983లో పాల్ మొకపెట్రిస్ దాన్ని రూపొందించేదాకా నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలో ఒక పరిశోధన సంస్థ ఆ ఫైలు రాసిపెడితే మిగతా అందరూ దించుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పేర్లు ప్రపంచమంతా చెల్లాచెదురుగా ఉన్నాయి, ఎవరి పేట పేర్లు వాళ్ల దగ్గర. నంబరు దొరికాక మన అభ్యర్థన ఒక లోడ్ బ్యాలెన్సర్ దగ్గరికి వెళ్తుంది, అది ఖాళీగా ఉన్న ఏదో ఒక సర్వర్ మీదికి తోస్తుంది. అక్కణ్నుంచి ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాం: సీట్ల సర్వీసు, ధరల సర్వీసు, పేమెంట్ సర్వీసు, ఎస్ఎంఎస్ సర్వీసు. మా దగ్గర ఒక్క సీటు అమ్మడానికి పదకొండు సర్వీసులు మాట్లాడుకోవాలి. కూపన్ల సర్వీసు కూడా అందులో ఉంది. దాన్ని నేనెప్పుడూ క్షమించలేదు.

ఒకే కంప్యూటర్‌లో ప్రోగ్రాం నడిచినంతసేపు బతుకు సులువు. అడిగితే అవునంటుంది, లేదా కాదంటుంది, లేదా మొత్తం కుప్పకూలుతుంది. నెట్‌వర్క్ దాటి ఇంకో కంప్యూటర్‌ని అడిగితే మాత్రం ఉలుకూ పలుకూ లేకపోవడం అని ఇంకొకటి వచ్చి చేరుతుంది. మన ప్రశ్న దారిలో పోయిందా? చేరింది కానీ అవతలివాడు పని చెయ్యలేదా? చేశాడు కానీ జవాబు తిరిగొస్తూ పోయిందా? అసలు ఇంకా చేస్తూనే ఉన్నాడా? ఇవతల కూర్చున్నవాడికి ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి.

ఇది నాకు కాలేజీలో అర్థం కాలేదు గానీ, అంతకు చాలాముందే మా ఇంట్లో జరిగింది. నాన్న సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నెలనెలా ఊళ్లో నానమ్మకి మనియార్డర్ పంపేవాడు. ఫారం కింద ఒక ముక్క ఉండేది. పోస్ట్‌మ్యాన్ డబ్బు ఇచ్చి, దాని మీద నానమ్మ వేలిముద్ర వేయించుకుంటే, ఆ ముక్క తిరిగి నాన్నకి వచ్చేది. నీలి సిరా అంటుకున్న ఆ చీటీలన్నీ వంటింటి గోడకున్న ఇనప తీగకి గుచ్చి ఉండేవి. ఒక నెల చీటీ రాలేదు. పది రోజులు చూశాడు, రాలేదు. ఊళ్లో ఫోన్ లేదు. మళ్లీ పంపుదామని అమ్మ. చీటీ ఒక్కటే దారిలో పోయి ఉంటే? రెండోసారి పంపిన మూడొందలకి ఈ నెల కిరాణా బాకీ ఎవరు కడతారు? పంపకపోతే, మొదటిది నిజంగానే చేరకపోతే, అక్కడ ముసలావిడ ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? చివరికి నాన్న పోస్టాఫీసుకి వెళ్లి, తన దగ్గరున్న రసీదు నంబరు చూపించి, "ఈ నంబరు మనియార్డర్ ఏమైందో కనుక్కోండి" అని అర్జీ రాసిచ్చి వచ్చాడు.

మళ్లీ పంపలేదు, ఆ నంబరు గురించే అడిగాడు. ఇంజనీర్‌నయ్యాక అదే పనికి మేం ఇంకో పేరు పెట్టుకుని, దాని మీద మూడు గంటలు మీటింగులు పెట్టుకున్నాం.

పోనీ చీటీ వెనక్కి చేరిందని నానమ్మకెలా తెలియాలి? దానికి ఇంకో చీటీ. అది చేరిందని నాన్నకి తెలియాలంటే మరొకటి. పుస్తకాల్లో దీన్ని ఇద్దరు సేనాపతుల సమస్య అంటారు. దారిలో కబుర్లు తప్పిపోయే వీలున్నప్పుడు, ఎన్నిసార్లు అటూ ఇటూ పంపుకున్నా ఇద్దరికీ పూర్తి నమ్మకం కుదరదని గణితంతో నిరూపించారు కూడా. సేనాపతులకన్నా నాకు నానమ్మ ఉదాహరణే మెరుగు.

ఇక మా కంపెనీలో జరిగింది చెప్తాను. కొన్నేళ్ల కిందటి సంక్రాంతి, భోగికి రెండు రోజుల ముందు రాత్రి. తణుకు వెళ్లే ఒకాయన కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాడు. ఒక్క సీటుకి డబ్బు కడితే మూడు సీట్ల టికెట్లు వచ్చాయట. "నాకు పెళ్లి కూడా కాలేదండీ, మిగతా ఇద్దర్నీ ఎక్కణ్నుంచి తేను?" అన్నాడట పాపం. ఆ రాత్రి అలాంటివి ఇంకా దొరికాయి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకి సీటు అంటే ఏంటో తెలిసినవాళ్లకి ఆ ఖాళీ సీట్ల విలువ చెప్పక్కర్లేదు.

లాగ్‌లు, అంటే సర్వర్లు చేసిన ప్రతి పనీ టైముతో రాసుకునే పద్దులు, తీశాం. మా సర్వర్ 21:14:03కి 17వ సీటు కావాలని బస్సు యజమాని సర్వర్‌ని అడిగింది. 21:14:08 దాకా జవాబు లేదు. మేం పెట్టుకున్న టైమవుట్, అంటే జవాబు కోసం ఆగే గడువు, ఐదు సెకన్లు, కాబట్టి "కాలేదు" అని రాసేసుకుంది. అవతలి వాళ్ల లాగ్ తెప్పించి చూస్తే, 17వ సీటు ఇచ్చేసినట్టు ఉంది. ఎప్పుడు? 21:14:01కి. మేం అడగడానికి రెండు సెకన్ల ముందు!

దాని మీద రెండు గంటలు తల బద్దలుకొట్టుకున్నాం. ఎవరో హ్యాకింగ్ అన్నారు. ఒకతను తన కోడ్ కాదని నిరూపించుకోవడానికి మూడు పేజీల మెయిల్ రాశాడు. చివరికి తేలిందేంటంటే, అవతలి సర్వర్ గడియారం తొమ్మిది సెకన్లు వెనకబడి ఉంది. అంటే వాళ్లు సీటు ఇచ్చింది మా లెక్కలో 21:14:10కి. పండగ రద్దీకి నెమ్మదించి, ఏడు సెకన్లకి పని పూర్తిచేశారు. మేం ఐదు సెకన్లకే ఫోన్ పెట్టేశాం. జవాబు వచ్చేసరికి తీసుకునేవాడు లేడు.

రెండు కంప్యూటర్ల గడియారాలు చూసి ఏది ముందు ఏది వెనక అని తేల్చొద్దని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే రాశాడు. ఉత్తరం రాయడం ముందు, అందడం తర్వాత, అంతవరకే ఖాయం. వరసలన్నీ అక్కణ్నుంచే కట్టుకుంటూ రావాలంటాడు. ఆ పేపరు చదివినవాళ్లు మా టీంలో నలుగురు ఉన్నారు. ఆ రాత్రి ఒక్కరికీ గుర్తు రాలేదు. నాతో సహా.

ఇంతకీ మూడు సీట్లెలా? ఐదు సెకన్ల తర్వాత మా సర్వర్ బుద్ధిగా రెండోసారి 17 అడిగింది. "17 అమ్ముడైపోయింది" అని జవాబు. అమ్ముడైంది మాకే! ఆ సంగతి మా సర్వర్‌కి తెలియదు. అప్పుడు మా వాడొకడు ఎప్పుడో దయతో రాసిన కోడ్ రంగంలోకి దిగింది: అడిగిన సీటు పోతే పక్క సీటు చూడు. 18 అడిగింది, అక్కడా ఇదే కథ. 19కి జవాబు సమయానికి వచ్చింది కాబట్టి అక్కడ ఆగింది, లేకపోతే బస్సంతా తణుకు ఆయన పేరు మీదే ఉండేది.

దీనికి తోడు ఇంకొకటి. ఫోన్లోని యాప్, జవాబు రాకపోతే మూడుసార్లు ప్రయత్నిస్తుంది. దాని వెనక, మా సర్వర్ల గుమ్మంలో ఉండే గేట్‌వే కూడా మూడుసార్లు. దాని వెనక సీట్ల సర్వీసు కూడా మూడుసార్లు. ఎవరికి వాళ్లు జాగ్రత్తపరులే. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. ఒక మనిషి ఒక్కసారి నొక్కితే, అప్పటికే ఆయాసపడుతున్న ఆ సర్వర్ తలుపు ఇరవై ఏడుసార్లు దబదబా బాదే ఏర్పాటు చేసి పెట్టుకున్నాం. దాన్ని నెమ్మది చేసింది పండగ రద్దీ, పడగొట్టింది మేము.

తర్వాత దిద్దుకున్నాం. మళ్లీ ప్రయత్నించే హక్కు ఒక్క సర్వీసుకే ఉంచాం. అది కూడా ఒక సెకను, రెండు, నాలుగు, ఇలా ఆగి ఆగి అడగాలి, ఆ ఆగడం కూడా ఒక్కొక్కరిది కాస్త అటూ ఇటూగా ఉండాలి. అందరూ సరిగ్గా రెండు సెకన్లే ఆగితే, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డట్టు అందరూ ఒకేసారి మీద పడతారు. అసలు మందు మాత్రం మా నాన్న రసీదు నంబరే. ప్రతి బుకింగ్‌కీ యాప్‌లోనే ఒక నంబరు పుట్టించి, ఎన్నిసార్లు అడిగినా అదే నంబరుతో అడుగుతాం. అవతలివాళ్లు ఆ నంబరు ఇంతకుముందు చూసి ఉంటే పని మళ్లీ చెయ్యరు, పాత జవాబే తిరిగి చెప్తారు. ఒకసారి చేసినా పదిసార్లు చేసినా ఫలితం ఒకటే అయ్యే ఈ గుణాన్ని ఐడెంపొటెన్సీ అంటారు. నోరు తిరగని మాట, కానీ నా జీతంలో సగం దాని పుణ్యమే.

వెబ్ రూల్స్ రాసినవాళ్లకి ఇదంతా ముందే తెలుసు. పేజీ చూపించు అనే గెట్ ఆదేశం ఎన్నిసార్లు ఇచ్చినా నష్టం లేదు. ఫలానా చోట ఫలానాది పెట్టు అనే పుట్ కూడా రెండుసార్లు చేస్తే ఫలితం ఒకటే. ఫారం నింపి పంపే పోస్ట్‌కి మాత్రం ఆ హామీ లేదు. అందుకే కొన్ని పేజీల్ని రీఫ్రెష్ చేస్తే "ఫారం మళ్లీ పంపమంటారా" అని బ్రౌజర్ భయంగా అడుగుతుంది. డబ్బు కట్టే పేజీలో "వెనక్కి వెళ్లొద్దు, రీఫ్రెష్ చెయ్యొద్దు" అని ఎర్రక్షరాలు కనిపిస్తే, ఆ నంబరు పని అక్కడ ఎవరో సరిగ్గా చెయ్యలేదని నేను అనుమానపడతాను.

తమాషా ఏంటంటే వెబ్ పుట్టినప్పుడు ఈ గొడవని చాలా తెలివిగా తప్పించుకుంది. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో తన ప్రతిపాదన రాసేనాటికే హైపర్‌టెక్స్ట్ మీద, అంటే లింకులతో ఒకదానికొకటి ముడిపడ్డ పేజీల మీద, పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. లింకు అంటే రెండువైపులా ఉండాలని, ఎప్పుడూ తెగకూడదని కొందరి పట్టుదల. అలా కావాలంటే నేను మీ పేజీకి లింకు ఇచ్చిన ప్రతిసారీ నా సర్వర్ మీ సర్వర్‌తో మాట్లాడి ఒప్పందానికి రావాలి. మీ పేజీ తీసేసేముందు నాకు కబురు పెట్టాలి. ఆయన ఆ జోలికే పోలేదు. లింకు ఒకవైపే. ఎవరి అనుమతీ అక్కర్లేదు. అవతల పేజీ లేకపోతే 404, అంటే "పేజీ దొరకలేదు", అని చూపించి వదిలెయ్యడమే. 1991లో అమెరికాలో జరిగిన హైపర్‌టెక్స్ట్ సదస్సు ఆయన పేపరుని తీసుకోలేదు, డెమో మాత్రం చూపించుకోనిచ్చింది. పండితులకి అది అరకొరగా కనిపించి ఉండొచ్చు. ఆ అరకొర వల్లే ఎవరు పడితే వాళ్లు సర్వర్ పెట్టుకోగలిగారు. మొదటి సర్వర్ మీద ఎర్ర సిరాతో "ఈ మెషిన్ సర్వర్, ఆపొద్దు" అని చీటీ అంటించి ఉండేది. ఆ ఫొటో చూసినప్పుడల్లా మా ఆఫీసులో ఒక పాత డబ్బా గుర్తొస్తుంది. దాని మీదా అలాంటి చీటీ ఉండేది, దాన్ని ఆపితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆపి ఉండరు.

పేజీలు చదువుకోవడానికి 404 సరిపోయింది. అదే వెబ్ మీద సీట్లు అమ్మడం, డబ్బు పంపడం మొదలయ్యాక, వదిలేసిన ఒప్పందాలన్నీ మళ్లీ నెత్తికెక్కాయి.

జవాబు రాకపోతే మనుషులు, యంత్రాలు చేసే పని ఒకటే. 2021 అక్టోబర్ 4న మన దగ్గర రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రాం ఒక్కసారే పోయాయి. వాళ్ల డేటా సెంటర్లని కలిపే నెట్‌వర్క్‌లో నిర్వహణ పని చేస్తూ ఇచ్చిన ఒక కమాండ్ మొత్తం లింకుల్ని తెంపేసింది. డేటా సెంటర్లు అందకపోయేసరికి, వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు "మాదే ఏదో తేడా" అనుకుని, తమ చిరునామాల్ని ఇంటర్నెట్‌లోంచి తామే వెనక్కి తీసుకున్నాయి. దాంతో ఫేస్‌బుక్ అనే పేరుకి నంబరు చెప్పేవాళ్లే లేకుండా పోయారు. సుమారు ఆరు గంటలు. ఆ సమయంలో తమ డీఎన్ఎస్ సర్వర్లకి ఆ పేర్ల కోసం మామూలుకన్నా ముప్పై రెట్లు ప్రశ్నలు వచ్చాయని క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల కంపెనీ రాసింది. పేరు దొరకని ప్రతి ఫోనూ మళ్లీ మళ్లీ అడిగింది, పక్కన జనం కూడా నొక్కుతూనే ఉన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో కనీసం నలుగురు వైఫై డబ్బా పీకి మళ్లీ పెట్టారు. నేనూ పెట్టాను, వృత్తిధర్మం పక్కనపెట్టి.

సీట్ల విషయంలో మాత్రం రైల్వేవాళ్లని చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కంప్యూటర్లు, నెట్‌వర్కులు లేని రోజుల్లో రైల్లో బెర్తుల్ని స్టేషన్లకి కోటాలుగా పంచేవాళ్లు. విజయవాడ వాటా విజయవాడ క్లర్కు అమ్ముకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. అక్కడ ఖాళీలు మిగిలిపోయి ఇక్కడ జనం నిలబడటం దానికి కట్టే సుంకం. తర్వాత ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్, ఈ ఐదుచోట్లా రిజర్వేషన్ కంప్యూటర్లు వచ్చాయి. 1999 నాటికి ఐదింటినీ కలిపారు. ఒక రైలు సీట్ల లెక్క ఒక్క కేంద్రం దగ్గరే ఉంటుంది. సికింద్రాబాద్ ఖాతాలో ఉన్న రైలుకి ఢిల్లీ కౌంటర్లో టికెట్ అడిగినా, ప్రశ్న సికింద్రాబాద్ కంప్యూటర్‌కే రావాలి. లింకు తెగితే? ఆ కౌంటర్‌లో ఆ రైలుకి టికెట్ లేదు, అంతే. ఒకే బెర్తు ఇద్దరికి అమ్మడంకన్నా కౌంటర్ మూసుకోవడం మేలు. నెట్‌వర్క్ తెగినప్పుడు లెక్క తప్పకపోవడం, కౌంటర్ తెరిచి ఉండటం, ఈ రెండింట్లో ఒకటే దక్కుతుందని ఎరిక్ బ్రూవర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో చెప్పాడు, రెండేళ్లకి గిల్బర్ట్, లించ్ అనే ఇద్దరు పరిశోధకులు నిరూపించారు.

అత్త అడిగిన డబ్బుల విషయానికొస్తే, ఈ చిక్కు మీద రిజర్వ్ బ్యాంకు రూలే పెట్టింది. 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో మన ఖాతాలోంచి డబ్బు పోయి దుకాణదారుకి ఆ కబురు చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకి వంద రూపాయలు పరిహారం. అంటే జవాబు రాని ప్రశ్నలు రోజూ పుడుతూనే ఉంటాయని ఒప్పుకుని, ఎంతకాలం ఆగాలో రాసిపెట్టారన్నమాట. రాత్రిపూట ఇరుపక్షాల లెక్కలు పక్కపక్కన పెట్టి సరిచూసే రికన్సిలియేషన్ అనే పని ఒకటుంది. ఎవరూ గొప్పగా చెప్పుకోని పని. తప్పిపోయిన చీటీలన్నీ దొరికేది అక్కడే.

ఇదంతా అత్తకి చెప్పలేదు. "ఐదు రోజుల్లో వస్తాయి, రాకపోతే రోజుకి వంద ఇస్తారు" అన్నాను. "వంద ఇస్తారా!" అని కొంచెం మెత్తబడింది.

పదీ పదికి మళ్లీ ఫోన్. టికెట్ వచ్చిందట. 17వ సీటు. "చూశావా, ఆగమన్నానా" అని నేను గొప్పలు పోతుండగానే, "ఇంకోటి కూడా వచ్చిందిరా, 18" అంది.

"మళ్లీ నొక్కొద్దన్నానుగా అత్తా?"

"నువ్వు చెప్పాక నొక్కలేదురా. నీకు ఫోన్ చేసేముందే నొక్కేశాను. వెనక్కెళ్లి, మళ్లీ మొదట్నుంచి అంతా చేశాను, 17 లేదంటే పక్కది తీసుకున్నాను."

అంటే రసీదు నంబరు మారిపోయింది. యంత్రం రెండుసార్లు అడిగితే పట్టుకునే నంబరు ఉంది గానీ, మనిషి మొదట్నుంచి మళ్లీ అడిగితే అది కొత్త బుకింగే. ఆవిడకి నిజంగా రెండు సీట్లు కావాలేమో, కంప్యూటర్‌కేం తెలుసు. పండగ స్పెషల్ బస్సు కాబట్టి క్యాన్సిల్ చేస్తే పైసా రాదని కింద సన్నక్షరాల్లో ఉంది. 18వ సీట్లో మనవరాలి కోసం కొన్న బొమ్మల కొలువు అట్టపెట్టెలు రావులపాలెం దాకా కిటికీ పక్కన కూర్చుని వెళ్లాయి.